కారు ఇంజన్ అతిగా వేడెక్కినప్పుడు: ఇంటి వద్దనే కారణం తెలుసుకొని సరిచేసుకొనే విధానం

ఏప్రిల్, మే నెలలలో బెంగళూరు నుంచి సొంత ఊళ్ళకు బయలుదేరే తెలుగు కుటుంబాల కార్లకు రెండు చోట్ల పరీక్ష ఎదురవుతుంది. మొదటిది నగరం దాటకముందే. అనంతపురం దారిలో హెబ్బాళ వద్ద, చిత్తూరు దారిలో కృష్ణరాజపురం తీగల వంతెన వద్ద, బారులు తీరిన వాహనాల నడుమ అరగంట నిలిచిపోవలసి వస్తుంది. రెండవది తిరుగు ప్రయాణంలో, చిత్తూరు దాటిన తరువాత పలమనేరు వైపు ఎగబాకే మొగిలి ఘాటు. కారు నిండా మనుషులు, డిక్కీలో బియ్యం మూట, ఆవకాయ జాడీలు, పూర్తిగా తిప్పిన ఏసీ. ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరుగుతుంది. వెనుక సీటులో ఎవరూ దానిని గమనించరు. నడిపేవారు గమనించినా "ఇంకొక పది కిలోమీటర్లే గదా" అనుకుంటారు.

ఆ పది కిలోమీటర్ల మూల్యం చాలా ఎక్కువ. ముల్లు ఎక్కిన వెంటనే బండిని ఆపితే చివరకు తేలేది తరచుగా ఒక రబ్బరు పైపో, ఒక ఫ్యూజో, ఒక మూతో మాత్రమే. ఆపకపోతే అల్యూమినియంతో చేసిన సిలిండర్ హెడ్ వంకర తిరుగుతుంది, దాని కింది గాస్కెట్ కాలిపోతుంది, ఇంజన్‌ను పూర్తిగా విప్పవలసి వస్తుంది. అప్పు మీద కారు కొని టాక్సీగా తిప్పుకొనేవారికి ఇది మరమ్మతు ఖర్చుతో పోయేది కాదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ రాబడి ఆగిపోతుంది, నెలవారీ వాయిదా మాత్రం ఆగదు.

వేడి ఎటు పోతుంది

ఇంధనం మండగా పుట్టే శక్తిలో చక్రాలను తిప్పడానికి ఉపయోగపడేది సుమారు మూడో వంతు. మిగిలినదంతా వేడిగా బయటికి పోవలసిందే. అందులో ఒక భాగం పొగతో పాటు వెళ్ళిపోతుంది. మరొక భాగాన్ని ఇంజన్ గోడలలోని సన్నని మార్గాల గుండా ప్రవహించే కూలెంట్ మోసుకుపోతుంది. వాటర్ పంపు దానిని తోస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ అనే చిన్న కవాటం రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది. ఉష్ణోగ్రత 82 నుంచి 88 డిగ్రీల ప్రాంతానికి చేరగానే అది తెరుచుకుంటుంది. అప్పుడు కూలెంట్ రేడియేటర్‌లోని సన్నని గొట్టాలలోకి దిగి, ఎదురుగాలికి తన వేడిని వదిలి, మళ్ళీ ఇంజన్‌లోకి వెళుతుంది. బండి నిలబడి ఉంటే ఎదురుగాలి ఉండదు గనుక ఆ పనిని విద్యుత్ ఫ్యాన్ చేస్తుంది.

ఈ ఏర్పాటులో అందరూ తేలికగా తీసుకొనే భాగం రేడియేటర్ మూత. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ మామూలు నీరు 97 డిగ్రీల వద్దనే మరుగుతుంది. ఇంజన్‌లోని కూలెంట్ ఎంతో సులభంగా ఆ స్థాయిని దాటుతుంది. అయినా మరగదు. కారణం మూతలోని స్ప్రింగు. అది లోపలి ఒత్తిడిని బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువగా నిలిపి ఉంచుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మరిగే స్థానం 120 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది, కూలెంట్‌లోని గ్లైకాల్ దానిని ఇంకా కొంత పైకి తీసుకుపోతుంది. మూతలోని రబ్బరు వాషరు ఎండి పగిలితే ఒత్తిడి నిలవదు, మిగిలిన భాగాలన్నీ సవ్యంగా ఉన్నా కూలెంట్ మరిగి పొంగిపోతుంది. మూత ఖరీదు స్వల్పం. కొనేటప్పుడు పాత మూత మీద ముద్రించి ఉన్న అంకెనే అడిగి తీసుకోవాలి. 0.9 ఉన్నచోట 0.9, 1.1 ఉన్నచోట 1.1.

దారిలో ముల్లు ఎక్కినప్పుడు

కొత్త చిన్న కార్లలో చాలావాటికి ముల్లే లేదు. నీలి దీపం వెలిగితే ఇంజన్ ఇంకా చల్లగా ఉన్నదని, ఎర్ర దీపం వెలిగితే అతిగా వేడెక్కినదని అర్థం. ఎర్ర దీపం కనిపించిందంటే జాగు చేయడానికి వీలు లేదు.

ముందుగా ఏసీని ఆపివేయాలి. హీటర్‌ను పూర్తి వేడిలో, పూర్తి వేగంలో పెట్టాలి. మే నెలలో ఇది శిక్షలా తోస్తుంది, కాని హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ వేడిలో కొంత భాగాన్ని అది లాగివేస్తుంది. అద్దాలు దించి, సురక్షితమైన మొదటి చోట బండిని రోడ్డు పక్కకు తీసి ఇంజన్‌ను ఆపాలి. హెచ్చరిక దీపాలు వెలిగించి, పిల్లలను, పెద్దలను రోడ్డుకు దూరంగా దింపాలి. జాతీయ రహదారి మీద సహాయానికి 1033 నంబరు ఉన్నది.

బానెట్ సందులలోంచి ఆవిరి వస్తూ ఉంటే అది తగ్గేవరకు బానెట్‌ను ఎత్తరాదు. ఎత్తిన తరువాత కూడా రేడియేటర్ మూత జోలికి పోరాదు. ప్రమాదాలన్నీ ఈ ఒక్క చోటనే జరుగుతాయి. మూత వదులు కాగానే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అంతవరకు మరగకుండా ఉన్న ద్రవం ఆ క్షణంలోనే మరిగి ముఖం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతుంది. చేతికి తువ్వాలు చుట్టుకొన్నంత మాత్రాన రక్షణ కలగదు. కనీసం నలభై అయిదు నిమిషాలు ఆగి, పై రబ్బరు పైపును తాకి చూసి, అది చేతికి ఓర్చుకోదగినంత చల్లగా, నొక్కితే మెత్తగా ఉన్నప్పుడు మాత్రమే మూతను తిప్పాలి. ఎవరికైనా ఒళ్ళు కాలితే ధారగా పడే మామూలు నీటి కింద ఇరవై నిమిషాల పాటు ఉంచాలి. టూత్‌పేస్టు, నెయ్యి, సిరా వంటివి పూయకూడదు. 108 కు ఫోన్ చేయాలి.

కాగుతున్న ఇంజన్ మీద చన్నీళ్ళు గుమ్మరించడం మరొక పెద్ద పొరపాటు. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే పెనం ఏమవుతుందో ప్రతి ఇంటికీ తెలుసు; అల్యూమినియం హెడ్ అంతకంటే సుకుమారమైనది.

ఎక్కడ వేడెక్కిందన్నదే మొదటి ఆధారం

మొదట చెప్పిన రెండు చోట్లూ ఇక్కడ అక్కరకు వస్తాయి. హెబ్బాళ వద్ద నిలబడినప్పుడు ముల్లు ఎక్కి, దేవనహళ్ళి దారిలో వేగం అందుకోగానే దిగిపోతే లోపం గాలికి సంబంధించినది. అంటే ఫ్యాన్ తిరగడం లేదు, లేదా రేడియేటర్ రెక్కలు దుమ్ముతో పూడిపోయాయి. అందుకు భిన్నంగా నగరంలో బాగానే ఉండి, మొగిలి ఘాటులోనో తిరుమల రెండవ ఘాటు రోడ్డులోనో ఎక్కితే లోపం ప్రవాహానికి సంబంధించినది. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండవచ్చు, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండవచ్చు, వాటర్ పంపు అరిగి ఉండవచ్చు, కూలెంట్ మట్టం తగ్గి ఉండవచ్చు. బండి తీసిన అయిదు పది నిమిషాలలోనే ఎర్రగీతను తాకితే థర్మోస్టాట్ మూసుకొని బిగిసిపోయిందనో, లోపల గాలి చిక్కుకున్నదనో అనుమానించాలి. ఇంజన్ కాగిపోతూ ఉండగా హీటర్‌లోంచి చల్లని గాలి వస్తే కూలెంట్ హీటర్ దాకా చేరడం లేదని తెలుసుకోవాలి.

ఒక్క మెలిక ఉన్నది. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. కూలెంట్ బాగా కారిపోతే సెన్సార్ ఆవిరిలో మిగిలిపోయి, ముల్లు ఒక్కసారి కిందికి దిగవచ్చు. అంతవరకు పైన ఉన్న ముల్లు కారణం లేకుండా దిగితే అది శుభవార్త కాదు.

మరునాటి ఉదయం చేయవలసిన పరీక్ష

ఇంటి వద్ద పరీక్షకు రాత్రంతా చల్లబడిన బండి కావాలి. అపార్టుమెంటు సెల్లారులో ఇంజన్‌ను నడిపి పరీక్షలు చేయరాదు. మూసిన చోట చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. బండిని ఆరుబయటికి తీయాలి.

ముందుగా ప్లాస్టిక్ ట్యాంకులో కూలెంట్ మట్టం చూడాలి. అది రెండు గీతల మధ్య ఉండాలి. ట్యాంకులో నిండుగా ఉన్నా రేడియేటర్‌లో ఖాళీ ఉండవచ్చు. రేడియేటర్‌కు విడిగా మూత ఉన్న కార్లలో దానిని కూడా తెరిచి చూడాలి. మట్టం తగ్గి ఉంటే అది ఎక్కడికో పోయింది. ఆ జాడ పట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. రాత్రి బండి కింద పరిచిన పాత వార్తాపత్రిక చాలు. ఉదయానికి దాని మీద ఆకుపచ్చ, గులాబీ లేదా నీలి రంగు మరక కనిపిస్తే, ఆ మరకకు సరిగ్గా పైన ఏమున్నదో వెతకాలి. ఏసీ వేసి నడిపిన తరువాత కారే రంగులేని నీరు వేరు. అది గాలిలోని తేమ. దానిని చూసి కంగారుపడి షెడ్డుకు పరుగెత్తేవారు కొందరుంటారు.

రబ్బరు పైపులు క్లాంపులతో కలిసే చోట తెల్లని, పచ్చని పొక్కులు కట్టి ఉంటే అక్కడ కూలెంట్ ఊరుతున్నదని అర్థం. క్లాంపును బిగిస్తే కొన్నిసార్లు సరిపోతుంది. పైపును పిండితే పగుళ్ళు తెరుచుకొన్నా, చేతికి మరీ ఉబ్బుగా, జిగురుగా తగిలినా మార్చవలసిందే. రేడియేటర్ ప్లాస్టిక్ భాగం అల్యూమినియం భాగంతో కలిసే అంచు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం కూడా చూడాలి. పంపు రంధ్రం నుంచి చెమ్మ కారుతూ ఉంటే పంపు లోపలి సీలు పోయినట్లే. ఇక బయట ఎక్కడా చుక్క లేకుండా కారు లోపల ముందు సీటు వద్ద కార్పెట్టు తడిసి, తీపి వాసన వేస్తూ, ముందు అద్దానికి జిడ్డు ఆవిరి పడుతూ ఉంటే కారేది హీటర్‌లోంచి. ఆ పని డ్యాష్‌బోర్డు విప్పితే గాని కాదు గనుక షెడ్డుకు వదలడమే మేలు.

ఫ్యాన్

ఇంజన్ నడుస్తూ ఉండగా ఏసీ వేస్తే, చాలా కార్లలో కొద్ది క్షణాలలోనే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెడుతుంది. తిరగకపోతే ఫ్యూజు డబ్బా మూత వెనుక ఉన్న బొమ్మ సహాయంతో ఫ్యాన్ ఫ్యూజును గుర్తించి చూడాలి. లోపలి తీగ తెగి ఉంటే సరిగ్గా అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. పెద్ద ఫ్యూజు వేయడం, రాగితీగ చుట్టడం అంటే వైరింగుకు నిప్పు పెట్టుకోవడమే. ఫ్యూజు బాగుంటే రిలేను చూడాలి. అదే డబ్బాలో అదే నంబరుతో హారన్‌కు మరొక రిలే ఉంటే రెండింటినీ తారుమారు చేసి చూడవచ్చు. ఫ్యాన్ తిరిగి, హారన్ మూగబోతే దోషి దొరికినట్లే. రెండూ బాగుండి ఫ్యాన్ కదలకపోతే మోటారో, సెన్సారో, వైరింగో పరీక్షించవలసి ఉంటుంది. ఈ పని చేసేటప్పుడు చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేతులు ఫ్యాన్ దరిదాపులకు రానీయకూడదు. కొన్ని కార్లలో తాళం తీసిన తరువాత కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది.

థర్మోస్టాట్‌ను పీకి పారేయవచ్చునా

ఇంజన్ వేడెక్కిన తరువాత రేడియేటర్ పై పైపు కాలుతూ, కింది పైపు చాలాసేపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదని చెప్పవచ్చు. ఇంజన్ చల్లారాక దానిని విప్పి, వంటకు మళ్ళీ వాడని పాత గిన్నెలోని నీటిలో దారంతో వేలాడదీసి, పొయ్యి మీద వేడి చేస్తే నిజం బయటపడుతుంది. దాని మీద ముద్రించిన డిగ్రీలకు కొంచెం అటూ ఇటూగా కవాటం తెరుచుకోవడం మొదలుపెట్టాలి. మరిగే నీటిలో కూడా మూసుకొనే ఉంటే కొత్తది వేయాలి, దానితో పాటు గాస్కెట్‌ను కూడా మార్చాలి.

ఇక్కడ రోడ్డు పక్క షెడ్లలో తరచుగా వినిపించే ఒక సలహాను ప్రస్తావించక తప్పదు. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండీ, తీసేస్తే ఇక వేడెక్కే ప్రశ్నే లేదు" అంటారు. దారిలో చిక్కుకున్నవారిని ఇల్లు చేర్చడానికి అది పనికి రావచ్చు. శాశ్వత చికిత్సగా మాత్రం అది చెడ్డది. థర్మోస్టాట్ లేని ఇంజన్ తన ఉష్ణోగ్రతను అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. అంతవరకు కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగా ఉన్నదని భావించి ఎక్కువ పెట్రోలు పోస్తుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ లేకపోతే కూలెంట్ రేడియేటర్‌ను తప్పించుకొని అడ్డదారిన తిరగడం వల్ల వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది. పాత కారు కొన్నవారు ఇంతకుముందు ఎవరైనా ఈ పని చేసి ఉన్నారేమో చూసుకోవడం మంచిది.

నీటి సంగతి

నగరం అంచులలోని లేఅవుట్లలో ఇళ్ళకు అందేది ఎక్కువగా బోరు నీరు, ట్యాంకరు నీరు. వేడి నీళ్ళ గీజరులో, కుళాయి మూతికి తెల్లగా పేరుకొనే సున్నపు పెచ్చులే ఆ నీటితో నింపిన రేడియేటర్‌లోనూ పేరుకుంటాయి. రేడియేటర్ గొట్టాలు ఎంత సన్ననివంటే, పలుచని పొర కూడా ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. పైగా ఉత్త నీటిలో తుప్పును నివారించే మందులు ఉండవు. అందువల్ల సీసాలోంచి నేరుగా పోయదగిన, ముందే కలిపిన కూలెంట్‌ను గాని, గాఢ కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో తయారీదారు చెప్పిన పాళ్ళలో కలిపి గాని వాడాలి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ దుకాణాలలో దొరుకుతుంది. రంగు చూసి కూలెంట్ కొనరాదు. ఒకే రంగు గల రెండు కూలెంట్ల గుణం వేరు కావచ్చు. కారుతో వచ్చిన పుస్తకంలో రాసినదే ప్రమాణం. ఘాటులో చిక్కుకొన్నప్పుడు తాగే నీళ్ళ సీసా పోసి ఇల్లు చేరడం తప్పు కాదు గాని, చేరిన వారంలోనే దానిని వదిలించి సరైన కూలెంట్ నింపాలి.

పాతకాలపు లారీ డ్రైవర్లు కారే రేడియేటర్‌లో పసుపు వేసేవారు. పసుపు ముద్దకట్టి చిల్లిని పూడ్చే మాట నిజమే. అయితే అది చిల్లి ఏదో, గొట్టం ఏదో ఎరగదు. అప్పటి వెడల్పాటి ఇత్తడి, రాగి రేడియేటర్లకు చెల్లిన ఈ ఉపాయం నేటి అల్యూమినియం రేడియేటర్లకు చెల్లదు. దుకాణాలలో అమ్మే లీకు పూడ్చే పొడుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

రేడియేటర్ బయటి రెక్కలకు, వాటి ముందున్న ఏసీ కండెన్సర్‌కు నడుమ దుమ్ము, పురుగులు, ఎండుటాకులు చిక్కుకుంటాయి. వీలైనంతవరకు ఇంజన్ వైపు నుంచి బయటికి వచ్చేలా మెల్లని ధారతో కడగాలి. అధిక ఒత్తిడి గల పంపుతో కొడితే రెక్కలు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది. 2024 మార్చిలో బెంగళూరు జల మండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా విధించింది. ఈ పనికి శుద్ధి చేసిన మురుగునీరో, ఇంట్లో వాడి వదిలిన శుభ్రమైన నీరో ఒక బకెట్టు సరిపోతుంది.

నింపడం, గాలి తీయడం

చాలామంది మరమ్మతు అంతా సరిగా చేసి ఇక్కడ తప్పుతారు. కూలెంట్‌ను ఒక్కసారిగా పోస్తే లోపల గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఆ బుడగ హెడ్ వద్ద నిలిచితే అక్కడ ఇంజన్‌ను చల్లబరిచేది ఏమీ ఉండదు. చల్లని ఇంజన్‌లో మెల్లగా పోయాలి. గాలి వదిలే స్క్రూ ఉన్న ఇంజన్లలో దాని నుంచి బుడగలు లేని ధార వచ్చేవరకు తెరిచి ఉంచాలి. రేడియేటర్‌కు మూత ఉన్న కార్లలో మూత తెరిచి, హీటర్ వేసి, ఇంజన్‌ను నెమ్మదిగా నడుస్తూ ఉండనివ్వాలి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి దిగుతుంది, బుడగలు పైకి వస్తాయి. ముఖాన్ని దూరంగా పెట్టి, తగ్గినంత పోసి, కూలెంట్ పొంగడానికి ముందే మూత బిగించాలి. ఒకసారి పేటలో తిప్పి వచ్చి, మరునాడు చల్లబడిన తరువాత మట్టం మళ్ళీ చూడాలి. కొంత తగ్గి ఉండడం సహజం. రోజూ తగ్గుతూ ఉంటే సహజం కాదు.

ఇంటి పని ఆగవలసిన చోటు

బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గడం, ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా పొగగొట్టం నుంచి తీపి వాసనతో తెల్లని పొగ ఆగకుండా రావడం, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారడం, చల్లని ఇంజన్‌ను తీసిన నిమిషంలోనే పై పైపు రాయిలా బిగిసిపోవడం, ట్యాంకులో బుడగలు ఎడతెగకుండా రావడం ఇవన్నీ హెడ్ గాస్కెట్ పోయిన గుర్తులు. వీటిలో ఒక్కటి కనిపించినా బండిని నడపకుండా లాగించి తీసుకుపోవాలి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొద్దిపాటి తెల్లని మీగడ ఉంటే, అది దగ్గర దగ్గర ప్రయాణాలు చేసే బండిలో చేరిన తేమ కూడా కావచ్చు. డిప్‌స్టిక్‌ను చూసి నిర్ణయించాలి. షెడ్డులో హెడ్ విప్పితే దాని ఉపరితలం వంగిందో లేదో కొలిపించాలి. కొలవకుండా కొత్త గాస్కెట్ వేస్తే కొద్ది నెలలలో అదే పని మళ్ళీ మొదలవుతుంది. విప్పిన పాత భాగాలను చూపించమని అడగడం యజమాని హక్కు. పనివారు కన్నడం మాట్లాడినా, తమిళం, ఉర్దూ మాట్లాడినా భాగాల పేర్లు అందరి నోటా ఒక్కటే గనుక భాష అడ్డు కాదు. జె.సి. రోడ్డులో విడిభాగాలు స్వయంగా కొని ఇచ్చేవారు పాత భాగాన్ని వెంట తీసుకుపోతే మోడలు పొరపాట్లు తప్పుతాయి. వారంటీలో ఉన్న కారుకు మాత్రం మట్టం చూడడం, ఫ్యూజు చూడడం మించి ఏమీ విప్పరాదు.

తీసిన కూలెంట్‌ను ఏం చేయాలి

ఇది ఇంటి పని మాత్రమే కాదు, వీధి పని కూడా. కూలెంట్‌లోని ఎథిలీన్ గ్లైకాల్ విషం. రుచికి తియ్యగా ఉండడం వల్ల కుక్కలు నాకుతాయి, చిన్నపిల్లలు శీతలపానీయం అనుకొని తాగుతారు. మొదట మత్తు ఎక్కినట్లు తూలడం, వాంతులు కనిపిస్తాయి. తరువాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొద్దిగా తాగినట్లు అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా కూలెంట్ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. నేల మీద ఒలికిన దానిని ఇసుకతోనో, పొట్టుతోనో పీల్పించి, ఎత్తి, ఆ చోటును కడగాలి. వాన నీటి కాలువలో పోస్తే అది రాజకాలువ గుండా చెరువుకు చేరుతుంది. వాడిన కూలెంట్‌ను గట్టి మూత గల డబ్బాలో పట్టి, దాని మీద పేరు రాసి, వాడిన ఆయిల్‌ను సేకరించే గ్యారేజీకి ఇవ్వాలి. తాగునీటి సీసాలలో, శీతలపానీయాల సీసాలలో దానిని ఒక్క రాత్రి కూడా నిల్వ ఉంచకూడదు.